సూదక్క పంటిచిగురు

లాండ్రీ షాపు వెనక గదిలో కుట్టుమిషను ముందు కూర్చునే ఆవిడకు సూదక్క అన్న పేరు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. షాపు యజమాని ఒకసారి ఏదో కాగితం మీద ఆవిడ అసలు పేరు రాయాల్సి వచ్చి, పెన్ను పట్టుకుని కాసేపు తటపటాయించి, ఇంతకీ మీ పేరేమిటని ఆవిడనే అడిగాడు. అప్పటికి ఆవిడ అక్కడ పనికి చేరి పంతొమ్మిదేళ్లు.

గది చిన్నది. ఒక పక్క ఇస్త్రీ అయిన కోట్లు ప్లాస్టిక్ తొడుగుల్లో వేలాడుతుంటాయి. ఇంకో పక్క నిలువుటద్దం, దాని ముందు జానెడెత్తు చెక్కపీట. ప్యాంటు పొడుగు తగ్గించాలనో, కోటు నడుము వదులు చేయాలనో వచ్చినవాళ్లు ఆ పీట ఎక్కి నిలబడతారు. సూదక్క మోకాళ్ల మీద కూర్చుని, పెదవుల మధ్య ఐదారు గుండుసూదులు బిగించి, ఒక్కొక్కటే తీసి బట్టకు గుచ్చుతూ పీట చుట్టూ తిరుగుతుంది. పీట ఎక్కినవాళ్లు ఊరికే ఉండలేరు కదా. ఎండల గురించో, ఈ మధ్య ఒళ్లు చేసిన సంగతో, కొత్త ఉద్యోగం గురించో చెప్పుకుంటూ పోతారు. నోట్లో సూదులున్న మనిషి జవాబు చెప్పాల్సిన పని లేదు, తల ఊపితే చాలు. ఆ ఏర్పాటు ఆవిడకు హాయిగానే ఉండేది. కుట్టు పూర్తయ్యాక దారాన్ని కింది ముందుపళ్ల మధ్య పెట్టి టప్పున కొరికేది. కత్తెర ఎప్పుడూ మూరెడు దూరంలోనే ఉండేది. అయినా చిన్ననాటి అలవాటు ఎక్కడికి పోతుంది.

రోడ్డు దాటితే ఇల్లు. మూడో అంతస్తులో ఒక గది, వంటకు ఒక మూల. తల్లి పోయేవరకూ అందులో ఇద్దరుండేవాళ్లు. తల్లి జబ్బు పేరు చెప్పి పెళ్లి ఒక ఏడు వాయిదా పడింది, ఆ తర్వాత ఇంకో ఏడు, చివరికి ఆ మాట ఎత్తడమే అందరూ మానేశారు. ఇప్పుడు ఆవిడకు యాభై నాలుగేళ్లు.

బస్సెక్కితే ఎనిమిదో స్టాపులో చెల్లెలి ఇల్లు. ఆ బస్సు ఎక్కి ఏడేళ్లయింది.

ఏడేళ్ల కిందట చెల్లెలి కూతురి పెళ్లికి బట్టలు తానే కుడతానని సూదక్క పట్టుబట్టింది. మూడు వారాలు సాయంత్రం పని దిగగానే ఆ గుడ్డ ముందు కూర్చుంది. రెండు రోజుల్లో పెళ్లనగా చెల్లెలు పెద్ద దుకాణం సంచీతో వచ్చింది. పెళ్లికూతురు పదిమంది ముందు నిలబడాలి కదా, నీ కుట్టు ఇంట్లో వేసుకోడానికి బాగుంటుందక్కా అంది. అందులో ఎగతాళి ఏమీ లేదు, నిజంగా అలాగే అనుకుంది. సూదక్కకు ఒళ్లు మండిపోయింది. నీకెప్పుడూ పైమెరుగే కావాలి, అమ్మ మంచాన పడ్డప్పుడు కూడా పళ్లబుట్ట పట్టుకుని చుట్టంలా వచ్చి పోయావు తప్ప ఒక్కరోజు ఒళ్లు తుడిచావా అని అడిగేసింది. చెల్లెలు సంచీ తీసుకుని మెట్లు దిగింది. పెళ్లికి సూదక్క వెళ్లలేదు. కార్డు అప్పుడెప్పుడో ఇచ్చారు కాబట్టి ఎవరూ మళ్లీ పిలవలేదు.

ఇన్నేళ్ల తర్వాత, ఈ ఏడు చలి మొదలయ్యాక కింది పళ్లలో తేడా తెలిసింది. మంచినీళ్లు తాగితే ముందుపళ్లు రెండూ జివ్వుమని, ఆ జివ్వు దవడ మీదుగా చెవిదాకా పాకేది. పీట ముందున్న అద్దంలో చూసుకుంటే ఆ రెండు పళ్లూ పక్కవాటికన్నా పొడుగ్గా, మొదట్లో పసుపుపచ్చగా కనిపించాయి. వయసు మీద పడితే పళ్లు కూడా పెరుగుతాయి కాబోలు అనుకుంది. గోరువెచ్చని నీళ్లతో నెట్టుకొచ్చింది. చివరికి దారం కొరికిన ప్రతిసారీ కళ్లలో నీళ్లు తిరగడం మొదలయ్యాక చిగుళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లింది.

డాక్టరమ్మ చిన్నవయసుది, మాట నెమ్మది. నోరు తెరిపించి, సన్నటి కొలబద్దలాంటిది చిగురుకు ఆనించి, నర్సుకు అంకెలు చెప్పింది. పళ్లు పెరగలేదనీ చిగురే కిందికి దిగిపోయి వేరు బయటపడిందనీ చెప్పింది. ఎలా తోముతారని అడిగింది. పళ్లు తోమడంలో సూదక్కకు దయాదాక్షిణ్యాలు ఉండేవి కావు. గట్టి బ్రష్షు కొని, కాలరు మీద మరక వదిలించినట్టు తోమేది. ఆ మాట చెబితే డాక్టరమ్మ నవ్వింది. దారం సంగతి చెప్పాక నవ్వలేదు.

"దిగిన చిగురు దానంతటది మళ్లీ పెరగదమ్మా," అంది. "మీ అంగిలి నుంచి పల్చటి పొర ఒకటి తీసి అక్కడ వేసి కుడతాను. మీ భాషలో చెప్పాలంటే అతుకు."

అతుకు అనేసరికి సూదక్కకు కాస్త ధైర్యం వచ్చింది. అంచు మడిచి కుడతారా, ఉన్నదున్నట్టు కుడతారా అని అడిగింది. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కాగితం మీద బొమ్మ వేసి చూపించింది. ఆ ఇద్దరూ కుట్ల గురించి పావుగంట మాట్లాడుకున్నారు. సూదక్క ఒక మనిషితో అంతసేపు మాట్లాడి ఎన్ని నెలలయిందో.

ఆపరేషను బుధవారం. ఆ ఉదయం నర్సు ఇచ్చిన కాగితంలో వెంట వచ్చినవారి పేరు, వరస, ఫోను నంబరు అని మూడు గళ్లున్నాయి. ఎవరూ రాలేదంటే పంపించేస్తారేమోనని భయమేసింది. షాపు యజమాని పేరు రాద్దామా అనుకుంది కానీ ఆయన నంబరు నోటికి రాదు. ఆవిడకు నోటికి వచ్చిన నంబరు ఒక్కటే. చెల్లెలు అని వరస రాసి, ఆ నంబరు వేసింది. ఆవిడేరీ అని నర్సు అడిగితే, కింద మందుల షాపుకు వెళ్లిందంది.

కళ్లు మూయడం, మత్తులో పడటం లేదు. సూది ఇస్తే నోరు మొద్దుబారింది, అంతే. అంగిలి దగ్గర ఏదో కదిలినట్టుంది. తర్వాత దారం పెదవి మీదుగా సాగుతూ పోవడం తెలిసింది. వెంట్రుకకన్నా సన్నంగా ఉంది. ఎన్ని కుట్లు పడ్డాయో సూదక్క లోపల్లోపల లెక్కపెట్టుకుంది. పదకొండు. ప్రతి కుట్టు చివరా డాక్టరమ్మ కత్తెరతోనే దారం తెంపింది.

అయ్యాక జాగ్రత్తలన్నీ రాసి ఇచ్చారు. నాలుగైదు రోజులు మాటలు తగ్గించాలి, వీలైతే అసలు వద్దు. వేడివి తినకూడదు. అక్కడ బ్రష్షు తగలకూడదు. పెదవి కిందికి లాగి చూసుకోకూడదు. ఆ చివరిదాని కింద డాక్టరమ్మ రెండు గీతలు గీసింది. మీ చెల్లెలికి కూడా చెప్పాలి, ఎక్కడుందని నర్సు మళ్లీ అడిగింది. సూదక్క అద్దాల తలుపు అవతల వరండాలో సంచీ పట్టుకుని నిలబడ్డ ఎవరో ఒకావిడ వైపు వేలు చూపించి, నర్సు లేచేలోపు బయటికి వచ్చేసింది. ఆ ముక్కూ మొహం తెలియని ఆవిడ పక్కనే, అడుగులో అడుగేస్తూ గేటుదాకా నడిచింది. ఆవిడ ఒకసారి అనుమానంగా చూసి ఆటో ఎక్కి వెళ్లిపోయింది. సూదక్క రుమాల్లో చుట్టిన ఐసు గడ్డానికి ఆనించుకుని బస్సెక్కింది.

ఇంటికి వచ్చి ఫోను మోగకుండా చేసి సొరుగులో పడేసింది. మోగితే ఎత్తాలి, ఎత్తితే మాట్లాడాలి. షాపులో వారం సెలవు చెప్పింది కాబట్టి అటునుంచి ఎవరూ రారు. తలకింద రెండు దిండ్లు పెట్టుకుని పడుకుంది. చల్లారిన జావ చెంచాతో నోటి పక్కనుంచి పోసుకుంది. అంగిలి పచ్చిపుండులా సలిపింది కానీ అతుకు దగ్గర నొప్పే లేదు.

మాట్లాడొద్దన్న నియమం ఎంత కష్టమో అనుకుంది ముందు. గురువారం గడిచింది, శుక్రవారం గడిచింది. పాల ప్యాకెట్లు వేసే మనిషి గుమ్మంలో పెట్టి పోయాడు. పక్కవాటా వాళ్లు మెట్ల మీద ఎదురై ఎప్పట్లాగే తల ఊపారు, ఆవిడా ఎప్పట్లాగే తల ఊపింది. రెండు రోజులు పెదవి విప్పకపోతే ఆ సంగతి ఒక్క ప్రాణికి కూడా తెలియలేదు. కిటికీ దగ్గర కూర్చుని ఆ మాట తోచినప్పుడు సూదక్కకు ఏడుపు రాలేదు. తన గురించి ఎవరో ఏదో చెబుతుంటే విన్నట్టుగా ఉంది.

శుక్రవారం సాయంత్రం సొరుగు తీసి చూస్తే ఫోనులో ఐదు పిలుపులున్నాయి. మూడు ఆసుపత్రివి. రెండు, ఆవిడకు నోటికి వచ్చిన ఆ నంబరువి. జరిగిందేమిటో వెంటనే అర్థమైంది. ఎలా ఉందో అడగడానికి ఆసుపత్రి వాళ్లు తనకు చేసి, తను ఎత్తకపోయేసరికి కాగితంలో ఉన్న రెండో నంబరుకు చేశారు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఎలాగూ మాట్లాడకూడదు కదా అని తనకు తాను సర్దిచెప్పుకుని సొరుగు మూసింది.

ఆదివారం ఉదయం మొహం కడుక్కుంటుంటే అద్దం ఎదురుగా ఉంది. సూదక్క తను కుట్టిన ఏ అతుకునూ వెలుతుర్లో పట్టుకుని చూడకుండా ఎప్పుడూ పక్కన పెట్టలేదు. ఒక్కసారి చూస్తే ఏమవుతుందిలే అనుకుని పెదవి కిందికి లాగింది.

అతుకు తెల్లగా ఉంది. నీళ్లలో నానిన కాగితంలా తెల్లగా, చివర్లో కాస్త పొర లేచి. కుడిపక్క దారం వదులుగా వేలాడుతోంది. తను చూడకముందు నుంచీ అలాగే ఉందో, తను లాగితే ఊడిందో తెలియదు. చచ్చిపోయింది, అనుకుంది. ఆసుపత్రికి ఫోను చేస్తే ఆదివారం సెలవని గొంతు ఒకటి చెప్పి పెట్టేసింది. మంచం మీద కూర్చుంది. గదిలో అటూ ఇటూ చూసింది. పిలవడానికి ఎవరున్నారు. అరగంట తర్వాత ఆ నంబరే నొక్కింది.

"అక్కా?" అంది చెల్లెలు.

సూదక్క మాట్లాడకూడదు. ఊపిరి చప్పుడు మాత్రం అటు వినిపించి ఉంటుంది.

"నిన్ను మాట్లాడొద్దన్నారట కదా. ఆ నర్సు చెప్పింది. సరే, నేను అడుగుతా. అవునంటే ఒకసారి ఊఁ అను, కాదంటే రెండుసార్లు. రక్తం వస్తోందా?"

ఊఁ ఊఁ.

"నొప్పిగా ఉందా?"

ఊఁ ఊఁ.

"భయమేసిందా?"

ఈసారి ఒకే ఒక్క ఊఁ వచ్చింది.

"రేపు పొద్దున్నే వస్తాను. మెట్లు అవేనా, లిఫ్టు ఏమన్నా పెట్టారా?"

ఊఁ ఊఁ.

"నా మోకాళ్ల పని అయిపోయినట్టే," అని ఫోను పెట్టేసింది.

సోమవారం ఎనిమిది గంటలకు చెల్లెలు గుమ్మంలో నిలబడి రొప్పుతోంది. ఏడేళ్లలో లావయింది, జుట్టుకు రంగు వేస్తోంది, పాపిట దగ్గర తెలుపు తెలుస్తోంది. గదంతా కలయజూసింది. తల్లి మంచం ఉండే చోట ఇప్పుడు ఖాళీ నేల. అక్కడ ఆమె చూపు ఒక క్షణం ఆగింది. ఇద్దరూ బస్సెక్కారు.

ఆసుపత్రిలో నర్సు చెల్లెలి వైపు ఎగాదిగా చూసి, ఆ రోజు వచ్చింది మీరేనా, ఫోనులో అడిగితే మీకేమీ తెలియనట్టు మాట్లాడారే అంది.

"నేనే," అంది చెల్లెలు. "ఆ రోజు కంగారులో ఉన్నానమ్మా."

సూదక్క నేలచూపులు చూసింది.

డాక్టరమ్మ దీపం వంచి చాలాసేపు పరీక్షించింది. పెదవి లాగి చూశారు కదూ అంది. ఏ దొంగతనమో బయటపడ్డట్టు సూదక్క తల దించుకుంది. తెల్లబడటం మామూలేనని డాక్టరమ్మ చెప్పింది. పైపొర అలా తెల్లబడి రాలిపోతుంది, అందరికీ అంతే. అసలు పని కింద జరుగుతోంది.

"అంగిలి నుంచి తీసిన ముక్కకి మొదటి రెండు మూడు రోజులు సొంత రక్తం ఉండదు. కిందినుంచి ఊరే చెమ్మతోనే ప్రాణం నిలుపుకుంటుంది. ఆ తర్వాత సన్నటి నాళాలు దాంట్లోకి పాకుతాయి. ఈలోగా కదిలిస్తే కష్టం, కదలకుండా ఉంచితే చాలు. ఎడమ పంటి దగ్గర బాగా అంటుకుంది. కుడిపక్క కుట్టు వదులైంది, అక్కడ ఎంతవరకు నిలుస్తుందో ఇప్పుడే చెప్పలేను."

తన చెయ్యి వల్లే కదా అని సూదక్కకు అనిపించింది. ఆ మాట డాక్టరమ్మ అనలేదు.

బస్‌స్టాపులో బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నారు. బస్సు ఎంతకీ రాదు. చెల్లెలు చేతిసంచీ పట్టీ మెలిపెడుతూ, రోడ్డు అవతల గోడవైపు చూస్తూ మాట్లాడింది.

"అమ్మ సంగతి నువ్వన్నది నిజమే. నాకు ఆ వాసన భరించడం చేతకాలేదు. ఇంటికి వెళ్లి స్నానం చేసినా పోయేది కాదు. కానీ పెళ్లి ముందు అనాల్సిన మాట కాదక్కా అది."

సూదక్క సంచీలోంచి లాండ్రీ చీటీల పుస్తకం తీసింది. ఒక చీటీ వెనక రాసి ఇచ్చింది. ఆ పెళ్లిబట్టల కుట్లు విప్పేశాను, అని ఉంది.

చెల్లెలు చీటీ కళ్లకు దూరంగా పట్టుకుని చదివింది. "విప్పేశావా? మొత్తమా?"

ఊఁ.

"కత్తిరించి పారేశావా?"

ఊఁ ఊఁ. కుట్టు కుట్టూ ఎలా విప్పిందో వేళ్లతో చూపించింది. ఎన్నాళ్లు పట్టిందని అడిగితే నాలుగు వేళ్లు చూపింది, నాలుగు రోజులని.

"మూడు వారాలు కుట్టావు," అంది చెల్లెలు. బస్సు వస్తే లేచింది. ఆ చీటీ పారేయకుండా మడిచి సంచీలో పెట్టుకోవడం సూదక్క చూసింది. ఎనిమిదో స్టాపుకు వెళ్లే బస్సు అది. సూదక్క బస్సు ఇంకో పది నిమిషాలకు వచ్చింది.

రెండు వారాలకు కుట్లు తీశారు. ఆ రోజు సూదక్క ఒంటరిగానే వెళ్లింది, నర్సు ఎవరినీ అడగలేదు. అంగిలి ముందే మానిపోయింది, నాలుకతో తడిమితే నున్నగా తగిలింది. అతుకు మాత్రం మెల్లగా దారికి వచ్చింది. తెలుపు పోయి మొదట ఎర్రగా ఉబ్బింది, నెల దాటేసరికి లేత గులాబి అయింది, మూడో నెలకు పక్క చిగురులో కలిసిపోయి అతుకు ఎక్కడ మొదలైందో పోల్చుకోవడం కష్టమైంది. ఎడమ పన్ను పూర్తిగా కప్పుకుంది. కుడిపంటి వేరు సగం దాకా నిలిచి, సన్నటి పసుపుపచ్చ గీత మిగిలిపోయింది. మళ్లీ చేస్తే అదీ వస్తుందా అని సూదక్క అడిగింది. ప్రస్తుతానికి అక్కర్లేదు, దాంతో బతికేయొచ్చని డాక్టరమ్మ చెప్పి, ఇంకెప్పుడూ దారం కొరకనని మాట తీసుకుంది.

షాపులో సూదక్క పొట్టి కత్తెరను రిబ్బనుతో మెడలో వేసుకుంది. సూదులు గుచ్చుకోవడానికి మణికట్టుకు చిన్న దూది మెత్త కట్టుకుంది. పనిలో ఇబ్బందేమీ రాలేదు. ఇబ్బంది వేరేచోట వచ్చింది. పీట ఎక్కినవాళ్లు ఇప్పుడు మాట్లాడి, ఆగి, ఆవిడ వైపు చూసేవారు. నోరు ఖాళీగా ఉన్న మనిషి తల ఊపి ఊరుకుంటే అది పొగరులా కనిపిస్తుంది. మొదట్లో ఆవిడకు ఏం చెప్పాలో తోచేది కాదు. ఎండలు మండిపోతున్నాయంటే, అవునండీ మండిపోతున్నాయి అనేది. ఒక ముసలాయన కొడుకు ఇంటర్వ్యూకి వేసుకునే కోటు తెచ్చి, మా అబ్బాయికి ఈ ఉద్యోగం వస్తుందంటారా అని అడిగాడు. వస్తుందండీ అనడానికి నోరు రాక, భుజాలు మాత్రం చక్కగా కూర్చుంటాయండీ అంది. ఆయన అదే శుభం పలికినట్టు సంతోషించి వెళ్లాడు. కొందరు ఇప్పుడు ఆవిడ మారిపోయిందన్నారు. సాయంత్రం గదికి చేరేసరికి మాత్రం నిశ్శబ్దం ఇదివరకటికన్నా కాస్త పెద్దగా అనిపించేది.

చెల్లెలు మొదటి నెల వారానికోసారి ఫోను చేసింది. అతుకెలా ఉంది, తిండి తింటున్నావా అంతే, రెండు నిమిషాలు. పెళ్లి మాట, తల్లి మాట ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు. తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. మూడు వారాలు చూసి సూదక్కే చేసింది. మరిది ఎత్తాడు. ఆవిడ ఫోను మార్చిందనీ, ఇది ఇప్పుడు ఇంట్లో తనే వాడుతున్నాననీ, కూతురి దగ్గరకు వేరే ఊరు వెళ్లి ఇరవై రోజులయిందనీ, మీకు చెప్పలేదా వదినా అనీ అన్నాడు. చెప్పింది, మరిచిపోయానని సూదక్క అబద్ధం ఆడి పెట్టేసింది. ఆ రోజంతా ఎవరి మీదో తెలియని కోపంతో మిషను తొక్కింది. సాయంత్రానికి ఆ కోపం కూడా మిగల్లేదు. ఎనిమిదో స్టాపు ఎక్కడికీ పోలేదు, తనే వెళ్లలేదు కదా.

ఇంకో వారానికి, మధ్యాహ్నం షాపులో జనం పల్చబడ్డాక, తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. చెల్లెలే. వెళ్తున్నానని చెప్పలేదన్న సంగతి భర్త చెబితేగానీ తనకు తట్టలేదంది. క్షమించమని అనలేదు. అక్కడ నీళ్లు ఉప్పగా ఉన్నాయనీ, కూతురు పొద్దున పోతే సాయంత్రానికిగానీ రాదనీ, నాలుగు గోడల మధ్య తనకు పిచ్చెక్కుతోందనీ చెప్పుకొచ్చింది. సూదక్క మిషను ఆపింది. ఇస్త్రీ వాడిని ఆ తలుపు కాస్త దగ్గరగా వేయమంది. పీట మీద తనే కూర్చుంది.

"నువ్వూ ఏదో ఒకటి చెప్పు," అంది చెల్లెలు. "ఇప్పుడు నోరు బాగానే ఉంది కదా."

సూదక్క ఆలోచించింది. ఆ రోజు ఉదయం ఒకావిడ ఎలుక కొట్టిన దుప్పటి తెచ్చిందనీ, చిరుగు మూరెడుందనీ చెప్పింది. దాన్ని ఎలా కుడుతోందో చెప్పింది. లోపలివైపు ఏ గుడ్డ వేసిందో, ఆ రంగు దొరకడానికి ఎన్ని పెట్టెలు వెతికిందో కూడా చెప్పింది. చెబుతుంటే ఇదంతా ఎవరు వింటారని మధ్యలో అనుమానం వచ్చి ఆగింది.

"ఊఁ," అంది చెల్లెలు. "ఆ తర్వాత?"